వాదీలో దిగువ అంచు

ఒమన్‌లో రోడ్డు పనికి చేరిన కొత్తలో, చుక్క నీరు కనిపించని గులకరాళ్ల మధ్య ఇంత కాంక్రీటు ఎందుకు పోస్తున్నామో నాకు అర్థం కాలేదు. మస్కట్‌లో ఏడాదంతా కలిపినా సుమారు 100 మిల్లీమీటర్ల వానే పడుతుంది. ఎక్స్‌కవేటర్ నడిపే పాకిస్తానీ పెద్దాయన నన్ను వాదీ మధ్యకు తీసుకువెళ్లి, "భాయ్, పైకి చూడు" అన్నాడు. తుమ్మకొమ్మల్లో, నా తలకు ఎంతో ఎత్తున, ఎండుగడ్డీ ప్లాస్టిక్ సంచులూ చిక్కుకుని ఉన్నాయి. వరద వచ్చిన ఎత్తు అది. కొండల మీద కురిసిన వానను కొన్ని గంటల్లోనే సముద్రానికి దింపే ఎండువాగు వాదీ.

దానికి అడ్డంగా ఎత్తైన మట్టికట్ట వేస్తే ఆనకట్టలా నిలిచి, చివరికి తెగుతుంది. తూములు పెడితే కొట్టుకొచ్చే చెట్లూ బండలూ మూసేస్తాయి. అందుకే చాలాచోట్ల వాగు మట్టానికే కాంక్రీటు పలక పరిచి, వరదను దాని మీదుగా పోనిస్తారు. అసలు ప్రమాదం దిగువ అంచులో ఉంది. పలక దాటిన నీరు అక్కడ దూకి గుంట తవ్వుతుంది. ఆ గుంట వెనక్కి పాకి పలక కింది మట్టిని లాగేస్తుంది. పైకి మాత్రం రోడ్డు నిక్షేపంగా కనిపిస్తుంది! దాన్ని ఆపేది నేలలోకి దించిన గోడ, దాని ముందు పేర్చిన పెద్ద రాళ్లు.

ఆ గోడకు నక్షాలో మీటరున్నర లోతు ఉంది. మీటరు దగ్గర గట్టి పొర తగలగానే గుత్తేదారు మనిషి చాలన్నాడు. ఎండలో ఇనుములా ఉన్న పొర నానితే ఏమవుతుందో నాకు తెలుసు. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుందని భయం. అయినా కొలతల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, మీటరు అనే రాశాను. రెండు రోజులు అతను నాతో మాట్లాడలేదు. మూడో రోజు మిగతా అరమీటరు తవ్వించాడు.

2021 అక్టోబరు 3న షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకింది. నీరు తగ్గాక వెళ్లి చూస్తే రాళ్లు కొన్ని జారాయి, గోడ నిలిచింది. లారీలు అప్పటికే బారులు తీరాయి. కింద మట్టి నానిపోయి ఉండగా అంత బరువు ఎక్కితే, వరద వదిలేసిన రోడ్డును చక్రాలే విరిచేస్తాయి. వాటిని ఆపించి, సుత్తితో పలకను అడుగడుగునా కొట్టి విన్నాం. దిగువన ఒకచోట డొల్లగా మోగింది. చుట్టూ ఎర్రరంగు గీత గీసి, మర్నాడు అక్కడ రంధ్రాలు తొలిచి సిమెంటు పాలు ఎక్కించాం.