ఫంక్షన్ కాల్ కోడ్ సర్దుకున్న ఆదివారం

టిఫిన్ అయినప్పటి నుంచి ఒకటే పని. సరదాగా రాసుకుంటున్న చిన్న కంపైలర్‌లో (ప్రోగ్రామ్‌ని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చేది) ఫంక్షన్ కాల్‌కి, అంటే ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచే చోటికి, కోడ్ పుట్టించే భాగం ఎంత చిక్కుబడిపోయిందంటే, దాన్ని ముట్టుకోవాలంటేనే టెన్షన్ వచ్చేది.

ఇన్నాళ్లూ నడిచిన పద్ధతి ఏంటంటే, ఒక్కో ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కి ఇచ్చే విలువ) లెక్కకట్టి స్టాక్ అనే మెమరీ దొంతర మీదకి పుష్ చేయడం, చివర్లో అన్నిటినీ రిజిస్టర్లలోకి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లోకి, పాప్ చేసి (దొంతర మీంచి తీసి) కాల్ కొట్టడం. మొదలుపెట్టేటప్పుడు దీనికి మించిన తేలిక దారి లేదు. కాకపోతే లైనక్స్‌లో ఎక్స్86-64 (64-బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) నియమం ప్రకారం కాల్ దగ్గర స్టాక్ పాయింటర్, అంటే స్టాక్ కొస ఉన్న అడ్రస్, 16 గుణిజంగా ఉండాలి. ఎఫ్(1, జీ(2)) అని రాస్తే, జీని పిలిచేసరికే ఆ 1 స్టాక్ మీద కూర్చుని ఉంటుంది, 8 బైట్లు తేడా. అందుకని ఇప్పటిదాకా ఎన్ని పుష్‌లయ్యాయో లెక్కపెట్టుకోవడం, బేసి అయితే ఇంకో 8 కలపడం, కాల్ అయ్యాక తీసేయడం... ఈ లెక్క కోడ్ అంతా పాకిపోయింది. పైగా అది తప్పితే మనం రాసిన చోట ఏమీ కాదు, ఎక్కడో ప్రింట్ఎఫ్ లోపల, 16 గుణిజం అడ్రస్ అడిగే మూవ్‌ఏపీఎస్ అనే ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ప్రోగ్రామ్ పడిపోతుంది.

ఈరోజు ఆ లెక్క మొత్తం పీకేశాను. ఫంక్షన్‌లో ఉన్న కాల్స్ అన్నీ ముందే చూసి, స్టాక్ మీద వెళ్లే ఆర్గ్యుమెంట్లకి ఎక్కువలో ఎక్కువ ఎంత చోటు కావాలో అంతా ప్రోలాగ్‌లోనే (ఫంక్షన్ మొదట్లో నడిచే కోడ్) ఒకేసారి తీసిపెట్టడం. ఆ తర్వాత స్టాక్ పాయింటర్ కదలదు, అలైన్‌మెంట్ (ఆ 16 గుణిజం) సంగతి అక్కడితో తేలిపోతుంది. ఒక్క షరతు ఉంది: కాల్ లోపల ఇంకో కాల్ ఉంటే రెండూ అదే చోటు వాడతాయి కాబట్టి, ఆర్గ్యుమెంట్లన్నీ ముందు విలువ కట్టి ఫ్రేమ్‌లో (స్టాక్ మీద ఈ ఫంక్షన్‌కున్న సొంత చోటు) పక్కన పెట్టుకుని, ఆఖర్నే ఆ చోటు నింపాలి. పుష్ కంటే మూవ్ (కాపీ చేసే) ఇన్‌స్ట్రక్షన్లు కాస్త పొడవు, కోడ్ సైజ్ పెరుగుతుంది. పెరగనీ, చదవగలిగే కోడ్ నాకు అంతకంటే ముఖ్యం.

మధ్యాహ్నం ఏ ఆర్గ్యుమెంట్ ఎక్కడికి వెళ్లాలో తేల్చే పనంతా ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చాను. పూర్ణాంకాలకి, పాయింటర్లకి (మెమరీ అడ్రస్‌లకి) ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ, ఆర్‌డీఎక్స్, ఆర్‌సీఎక్స్, ఆర్8, ఆర్9 అనే రిజిస్టర్లు. ఫ్లోట్లకి (దశాంశ సంఖ్యలకి) ఎక్స్‌ఎంఎం0 నుంచి 7 దాకా. మిగిలినవి స్టాక్ మీదకి. పిలిచేవైపూ పిలిపించుకునేవైపూ అదే పట్టిక చూస్తాయి. రేపు విండోస్‌కి వెళ్లాలన్నా, అక్కడి నాలుగు రిజిస్టర్లు, కాలీ (పిలిపించుకునే ఫంక్షన్) కోసం స్టాక్ మీద వదలాల్సిన 32 బైట్లు, అన్నీ అక్కడే మార్చుకోవచ్చు.

ఎక్కువసేపు పట్టింది మాత్రం రిజిస్టర్ల మార్పిడికి. ఎఫ్(ఏ, బీ) అనే ఫంక్షన్ కోడ్ లోపల జీ(బీ, ఏ) అని పిలిస్తే ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ ఒకదాని విలువ ఇంకోదానికి కావాలి, వరుసగా కాపీ చేస్తే మొదటి కాపీయే రెండోదాన్ని చెరిపేస్తుంది. కాబట్టి కాపీలన్నీ ఒక గుంపుగా తీసుకుని, ఎవరికీ అక్కర్లేని రిజిస్టర్‌లోకి వెళ్లేవాటిని ముందు రాసి, చక్రం (ఇలా ఒకదానికొకటి కావాల్సినవి) మిగిలితేనే ఆర్11 అనే ఖాళీ రిజిస్టర్‌ని అడ్డం పెట్టుకోవాలి. రాసి ఆబ్జ్‌డంప్‌లో (పుట్టిన ఇన్‌స్ట్రక్షన్లు చూపించే టూల్) చూస్తే, కాల్‌కి ముందు సరిగ్గా మూడు మూవ్‌లు, చుట్టూ స్టాక్ పాయింటర్‌ని సర్దే సబ్, యాడ్ ఏమీ లేవు. ఆ మూడు లైన్లు చూస్తే భలే సంతోషమేసింది.

స్ట్రక్ట్‌లు (కొన్ని విలువల్ని కలిపి కట్టిన మూటలు) ఇంకా మిగిలాయి. 16 బైట్ల దాకా ఉన్నవి మామూలుగా ఒకటి లేదా రెండు ముక్కలుగా రిజిస్టర్లలో వెళ్లాలి, అంతకు మించినవి మామూలుగా మెమరీలో. పట్టికలో వాటికి వరుసలు వేసి ఉంచాను, వచ్చే వారం కూర్చోవాలి.