మోహన వర్ణం రెండో కాలం వరకు: ఈ ఏటి వీణ సాధన

సంక్రాంతి వెళ్లాక ఎనిమిది దెబ్బల ఆదితాళంలో మోహన రాగ వర్ణం (సాహిత్యం, స్వరాలు కలిసిన సాధన రచన) మొదలుపెట్టాను. అంతకుముందు నేర్చే చిన్న రచనలైన గీతాల వరకు మెట్టు మీద వేలు నొక్కి మీటితే సరిపోయేది. వర్ణానికి వచ్చేసరికి తంత్రిని పక్కకు లాగి, అదే మెట్టు మీద పై స్వరాన్ని కూడా పలికించవలసి వచ్చింది. సారణి తంత్రి (షడ్జానికి శ్రుతి చేసే ప్రధాన తంత్రి) మీద మోహనకు కావలసినవి రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది, పన్నెండో మెట్లు మాత్రమే కనుక చూడడానికి సులువుగానే ఉంటుంది. అయితే రెండో మెట్టు మీద రిషభాన్ని మీటి గాంధారం దాకా లాగబోతే, ఒకసారి స్వరం మధ్యలోనే ఆగిపోయేది, మరొకసారి దాటిపోయి మోహనలో లేని మధ్యమాన్ని తాకేది.

దీనికి పనికివచ్చిన ఉపాయం ఒక్కటే. ముందు నాలుగో మెట్టు మీద గాంధారాన్ని మీటి, ఆ నాదం చెవిలో ఉండగానే రెండో మెట్టుకు వచ్చి లాగడం. ఫోనులో శ్రుతి చూపే యాప్‌ను చూస్తూ లాగితే కన్నుకు అలవాటవుతుంది గానీ చెవికి కాదు. దానిని తంత్రులు శ్రుతి చేసుకోవడానికే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. వైణికులు ఈమని శంకరశాస్త్రి, ఆయన శిష్యుడు చిట్టిబాబు రికార్డులను, ఒక్క మీటుకు ఎన్ని స్వరాలు పలుకుతున్నాయో గమనిస్తూ వినడం కూడా ఎంతో ఉపకరించింది.

ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల కొసలు మొదట్లో కోసుకుపోయి, తరువాత కాయలు కాశాయి. సాధనకు ముందు కొబ్బరినూనె చుక్క రాసుకుంటే తంత్రి మీద వేలు జారుతుంది. ఎక్కువైతే తంత్రి జిడ్డు కడుతుంది కనుక వాయించిన తరువాత పొడిగుడ్డతో తుడవాలి.

అసలు దెబ్బ వేసవిలో తగిలింది. వీణకు ఉండే 24 మెట్లూ నిలబడేది బొగ్గుపొడి కలిపిన తేనెమైనం మీద. ఆ మైనం కరగాలంటే వేడి 60 డిగ్రీలు దాటాలి గానీ, మెత్తబడడానికి విజయవాడలో మే నెల మేడగది చాలు. ఏడో మెట్టు కొద్దిగా దిగిపోయింది. అక్కడ నొక్కితే తంత్రి ఎనిమిదో మెట్టుకు తగిలి జుంయ్‌మనడం మొదలైంది, పంచమం పలకలేదు. పన్నెండో మెట్టు సారణి తంత్రికి సరిగ్గా సగంలో ఉంటుంది కనుక అక్కడ పై షడ్జం కచ్చితంగా పలకాలి. అదీ తేడాగానే వినిపించింది. మళ్లీ మేళం కట్టించడం, అంటే మైనం మీద మెట్లను తిరిగి అమర్చించడం తప్ప మార్గం లేదు. కట్టేవారికి తీరిక దొరికేసరికి తొలకరి వచ్చింది. అప్పటివరకు తాళం వేస్తూ వర్ణాన్ని నోటితో పాడుకున్నాను, సాహిత్యం, స్వరం రెండూ. ఇప్పుడు వీణను కింది గదిలో, ఎండ పడని గోడ పక్కన, నూలుగుడ్డ కప్పి ఉంచుతున్నాను.

వీణ తిరిగి వచ్చాక రెండో కాలం, అంటే అదే లయలో రెట్టింపు వేగం, పట్టుకున్నాను. మొదటి కాలం నిమిషానికి 60 దెబ్బల వద్ద నిలకడగానే వచ్చేది. అదే లయలో రెండో కాలం ఎత్తుకుంటే కుడిచేతి చిటికెన వేలు పక్క తంత్రుల మీద తాళం వేయడం మరిచిపోయేది. మెట్రోనోమ్‌ను 40కి దించి, అనుపల్లవి తరువాత వచ్చే ముక్తాయి స్వరాన్ని ఒక్కొక్క ఆవర్తంగా (తాళం ఒక చుట్టు) విడగొట్టి, ఏ ఆవర్తంలోనూ చిటికెన వేలు తప్పనప్పుడే నాలుగు దెబ్బలు పెంచాను. మణికట్టు నొప్పి పుట్టిన వారంలో పెంచడం మానేసి తొలి పాఠాలైన సరళీ స్వరాలకే పరిమితమయ్యాను. ఆఫీసులో రాత్రి షిఫ్టు పడిన నెలలో అంతకంటే ఎక్కువ కుదరలేదు కూడా.

దసరా నాటికి పల్లవి, అనుపల్లవి, ముక్తాయి స్వరం 56 వద్ద రెండు కాలాల్లోనూ వచ్చాయి. చరణం బాగానే ఉంది. చరణం తరువాత వచ్చే ఎత్తుగడ స్వరాల్లో (స్వర వరుసలు) చివరిది మాత్రం తారస్థాయిలో పన్నెండో మెట్టు దాటాక ఇంకా తడబడుతోంది. అక్కడ మెట్లు దగ్గరదగ్గరగా ఉండి రెండు వేళ్లూ ఇరుక్కుంటున్నాయి. మైనం గట్టిగా ఉండే ఈ చలికాలంలో ఆ ఒక్క స్వరాన్నే మొదటి కాలంలో, 40 వద్ద సాధన చేస్తున్నాను.