చలికాలం పార్కులకు ఎండే గడియారం

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్‌లో పిల్లల్ని పార్కులకు తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు టికెట్ రేట్లు చూస్తారు. అసలు చూడాల్సింది పొద్దు. డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యుడు ఆరూ నలభై దాటాక గానీ రాడు, ఐదూ ముప్పావు దాటగానే దిగిపోతాడు. మధ్యాహ్నం 28 డిగ్రీలున్న ఊరు తెల్లారేసరికి 15కి వస్తుంది, శివార్లలో ఇంకా కిందికే. పెద్ద పార్కులు రెండూ ఆ శివార్లలోనే ఉన్నాయి. పొడి రైడ్లూ నీటి రైడ్లూ రెండూ ఉన్న వండర్‌లా రావిర్యాల దగ్గర, రామోజీ ఫిల్మ్‌సిటీ విజయవాడ హైవే మీద. ఎండాకాలంలో పొద్దున్నే నీళ్లలో దిగి సాయంత్రం దాకా ఉన్న అలవాటును జనవరిలో పాటిస్తే మూడోరోజుకి ఇంట్లో అందరికీ జలుబే.

వండర్‌లాతో మొదలుపెడదాం, తప్పులు ఎక్కువ జరిగేది అక్కడే. 2016లో తెరిచారు. అవుటర్ రింగ్ రోడ్డులో 13వ ఎగ్జిట్ దగ్గర దిగితే చాలు. అటు గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవాళ్లకైనా ఇటు ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లకైనా ఊళ్లోంచి కంటే అవుటర్ మీదే సుఖం. కాకపోతే పొద్దున ఏడింటి లోపు బయల్దేరితే మంచు అడ్డం పడుతుంది. అంత తొందరేం లేదు, గేటు తెరవడానికి అరగంట ముందు చేరితే సరిపోతుంది.

లోపల రోజును మూడు ముక్కలు చెయ్యాలి. గేటు తీసిన దగ్గర్నుంచి పన్నెండున్నర దాకా పొడి రైడ్లు. పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా నీళ్లు. ఆ తర్వాత ఒళ్లు తుడుచుకుని, పొడి బట్టలు వేసుకుని, మళ్లీ పొడి రైడ్లు. నీటి రైడ్లు ఎలాగూ పొద్దున్నే మొదలుకావు కాబట్టి మొదటి ముక్క దానంతటదే కుదురుతుంది. తేడా కొట్టేది మూడో ముక్క. నాలుగున్నరకి కూడా పిల్లలు వేవ్ పూల్ లోంచి బయటికి రామంటారు. నీళ్లు అప్పటికి చల్లగా ఏమీ ఉండవు, చలంతా బయట గాలిది. రంజన్‌లో, అంటే మట్టి కుండలో, నీళ్లు ఎందుకు చల్లబడతాయో తడి ఒళ్లూ అందుకే చల్లబడుతుంది. పైనున్న తేమ ఆవిరవుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. చలికాలం గాలి పొడిగా ఉంటుంది, ఆవిరయ్యేది త్వరగా ఆవిరవుతుంది. పైగా స్లైడు ఎక్కడానికి మెట్ల మీద నిలబడేది తడి ఒంటితో, గాలి తగిలే ఎత్తులో. పెద్దల కంటే పిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, బరువుతో పోలిస్తే వాళ్లకి చర్మం ఎక్కువ కాబట్టి. పెదవులు నీలం తిరిగినా, పళ్లు కొట్టుకుంటున్నా, "ఇంకో ఐదు నిమిషాలు" అనే మాట వినకూడదు. అప్పటికే ఆలస్యం.

నీళ్లలోకి కాటన్ బట్టలు, జీన్సు, చీర, చున్నీ రానివ్వరు. నైలాన్ లేదా పాలియెస్టర్ కావాలి. ఈ నియమం మీద కౌంటర్ల దగ్గర గొడవపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు గానీ కారణం గట్టిదే. కాటన్ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, స్లైడులో ఒంటికి అతుక్కుని జారుడు ఆపేస్తుంది, చున్నీలాంటివి ఎక్కడైనా చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దారాలు ఊడితే ఫిల్టర్లకూ కష్టమే. చలికాలానికి ఇంకో లాభం కూడా ఉంది. నైలాన్ ఐతే పిండగానే సగం ఆరుతుంది, కాటన్ గంటల తరబడి తడిగానే ఉంటుంది. అక్కడ కొనేకంటే ఊళ్లోనే, ముందే కొనుక్కోండి. పొడుగు చేతులవి తీసుకుంటే ఎండకూ గాలికీ రెంటికీ పనికొస్తాయి.

నలుగురు మనుషులకు సంచిలో పెట్టాల్సినవి ఇంతే: ఒక్కొక్కరికి పలచటి తువ్వాలు రెండు (ఒకటి పూల్ దగ్గర, ఒకటి చివర్లో పొడిగా మిగలాలి), పూర్తి పొడి జత ఒకటి, లోదుస్తులతో సహా. ఇవి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. తడి బట్టలకి గట్టి ప్లాస్టిక్ కవర్లు ఆరు, రబ్బరు చెప్పులు, కాసింత కొబ్బరి నూనె, పిల్లలకి ఒక్కో స్వెటరు, మంకీ క్యాపు. మంకీ క్యాపు చూసి పెద్దపిల్లలు సిగ్గుపడతారు, సాయంత్రం ఆరింటికి పార్కింగ్‌లో వాళ్లే అడుగుతారు. లాకరు ఒకటే పెద్దది తీసుకోండి. రెండు చిన్నవి తీసుకుంటే ఒకదాని తాళం ఎవరి దగ్గర ఉందో తెలియక అరగంట పోతుంది. నీళ్లలో దిగే ముందు షవర్ కింద తల బాగా తడుపుకోవాలి. మంచినీళ్లతో నిండిన జుట్టు క్లోరిన్ నీళ్లని తక్కువ పీల్చుకుంటుంది. నూనె మాత్రం వచ్చాక, స్నానమయ్యాక రాసుకోవాలి. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లోనే తీసేసి రావాలి.

పిల్లల టికెట్ వయసు మీద కాదు, ఎత్తు మీద. ఎత్తు మీదే రైడ్లు కూడా. కాబట్టి బయల్దేరే ముందురోజు పిల్లల్ని గోడకి ఆనించి, చెప్పులు లేకుండా, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. పార్కులో ఒక రైడు ముందు ఈ మాట ప్రతి గంటకీ వినిపిస్తుంది: "డాడీ, బూట్లేసుకుంటే సరిపోతానుగా?" సరిపోదు. ఎత్తు నియమం పెట్టింది పిల్లలు భయపడతారని కాదు. భుజాల మీదుగా వచ్చే పట్టీ ఒక కొలత మనిషికి తగ్గట్టు చేసింది. అంతకంటే చిన్న ఒళ్లయితే పట్టీకీ ఒంటికీ మధ్య సందు మిగులుతుంది, బండి తలకిందులైనప్పుడు ఆ సందులోంచి జారే ప్రమాదం ఉంటుంది. రెండు సెంటీమీటర్లకు ఆపరేటర్‌తో వాదించి గెలవడంలో గెలుపేమీ లేదు. ఏ రైడుకి ఎంత ఎత్తో ఇంట్లోనే చూసి, కుదరని వాటి పేర్లు పిల్లలకి ముందే చెప్పేస్తే గేటు దగ్గర ఏడుపు తగ్గుతుంది.

ఇక క్యూ లెక్క. దీన్ని ఒకసారి నేర్చుకుంటే ఏ పార్కులోనైనా పనికొస్తుంది. క్యూ పొడుగు చూసి భయపడకూడదు, పొట్టిగా ఉందని మురిసిపోకూడదు. ముందు రెండు విషయాలు చూడాలి: ఒక విడతకు ఎంతమంది కూర్చుంటున్నారు, ఒక విడత బయల్దేరిన దగ్గర్నుంచి తర్వాతి విడత బయల్దేరేదాకా ఎన్ని నిమిషాలు. ఒక బండిలో 28 మంది, విడతకి నాలుగు నిమిషాలు అనుకోండి. మీ ముందు 200 మంది ఉంటే ఎనిమిది విడతలు, అంటే అరగంటకి పైనే. అదే ఇద్దరిద్దరు కూర్చుని జారే ట్యూబు స్లైడు దగ్గర నలభై మందే ఉన్నా, ఒక్కో ట్యూబుకి నిమిషం పడితే ఇరవై నిమిషాలు. రికాయిల్ లాంటి ముందుకెళ్లి వెనక్కొచ్చే కోస్టరులో ఒక్కటే రైలు తిరుగుతుంది, అది తిరిగి వచ్చి జనం దిగేదాకా ఇంకొకళ్లు ఎక్కలేరు, అందుకే దాని క్యూ ఎప్పుడూ నెమ్మదే. గేటు తీయగానే ముందు దానికే వెళ్లాలి. చుట్టుపక్కల చిన్న రైడ్లు ఎప్పుడైనా దొరుకుతాయి. సెలవురోజుల్లో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంటుంది, ఖరీదు బాగా ఎక్కువ. డిసెంబరు 25 నుంచి జనవరి 1 మధ్య వెళ్లక తప్పనివాళ్లకైతే తగును. మామూలు మంగళవారానికి దండగ.

తిండి విషయంలో ఒకటే మాట. బయటినుంచి తెచ్చింది లోపలికి రానివ్వరు, పసిపిల్లల తిండి తప్ప. కాబట్టి ఇంట్లో ఇడ్లీయో ఉప్మాయో కడుపు నిండా తిని బయల్దేరాలి. పూరీ వద్దు, గుండ్రంగా తిరిగే రైడు మీద నూనె పైకి తంతుంది. మధ్యాహ్నం బిర్యానీ తిన్న అరగంటకే తిరుగుడు రైడు ఎక్కితే ఏమవుతుందో పక్క సీటు వాళ్లని అడగాలి. తిన్నాక వేవ్ పూల్, లేజీ రివర్ లాంటి నెమ్మదైనవి. కడుపు తిప్పినవాళ్లు కళ్లు మూసుకోకుండా దూరంగా కదలని చోటు చూస్తే తగ్గుతుంది.

రామోజీ ఫిల్మ్‌సిటీది వేరే లెక్క. 1996లో కట్టింది. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలో ఉంది, 1666 ఎకరాలు. ఇక్కడ తడవడం లేదు, నడవడం ఉంది. కారు గేటు దగ్గరే ఆపాలి, అక్కడినుంచి వాళ్ల బస్సులోనే లోపలికి వెళ్లాలి. అంటే డిక్కీలో మర్చిపోయిన స్వెటరు, అమ్మమ్మ బీపీ మాత్రలు సాయంత్రం దాకా డిక్కీలోనే ఉంటాయి. బస్సు ఎక్కే ముందు ఒకసారి అందరి చేతులూ చూసుకోవాలి. లోపల దిగగానే ముందు చేయాల్సింది ఫొటోలు కాదు, ఆరోజు షో టైములు తెలుసుకోవడం. వైల్డ్ వెస్ట్ స్టంట్ షో లాంటివి నిర్ణయించిన టైముకే జరుగుతాయి, పక్షుల పార్కూ సీతాకోకచిలుకల పార్కూ తోటలూ ఎప్పుడైనా చూడొచ్చు. షోలను మేకుల్లా కొట్టుకుని మిగతావి వాటి మధ్య సర్దుకోవాలి. స్టూడియో టూరు బస్సుకి పొద్దున్నే వెళ్తే వరస చిన్నది. సీతాకోకచిలుకలకి ఎండ తగలాలి, చల్లటి పొద్దున అవి ఆకుల మీద ముడుచుకుని కూర్చుంటాయి. పదకొండు తర్వాత వెళ్తే ఎగురుతూ కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మొత్తం తిప్పాలని చూడొద్దు. రెండు షోలు, ఒక తోట, నీడలో ఒక బెంచీ చాలు.

దీనికి వెళ్లే రోజు ఎంచుకోవడంలోనే అసలు చిక్కుంది. ఫిల్మ్‌సిటీ ఉన్న హైవేనే ఆంధ్రాకి ఊళ్లకెళ్లే జనమంతా పట్టుకునేది. భోగికి ముందు రెండు మూడు రోజులు ఎల్బీనగర్, హయత్‌నగర్ నుంచి పంతంగి టోల్‌గేట్ దాకా కార్లు బారులు తీరతాయి. టోల్‌గేటు ఫిల్మ్‌సిటీ దాటాక వచ్చినా, వాహనాలు ఆగేది దానికి చాలా ముందే. కనుమ తర్వాత అదే జనం వెనక్కి వస్తారు, అప్పుడు మీరు సాయంత్రం ఇంటికొచ్చే దారిలో ఇరుక్కుంటారు. అందుకని ఫిల్మ్‌సిటీని డిసెంబరులో ముగించేసి, పండగ మూడు రోజులూ ఊళ్లో ఉన్నవాటికి వాడుకోవడం తెలివైన పని. పండగ రోజుల్లో ఊరు సగం ఖాళీ, పంజాగుట్టలో కూడా సిగ్నల్ ఒక్కసారికే దాటొచ్చు. తప్పక హైవే వైపే వెళ్లాల్సివస్తే అవుటర్ మీదుగా పెద్ద అంబర్‌పేట ఎగ్జిట్‌లో దిగండి, ఎల్బీనగర్ రద్దీ అన్నా తప్పుతుంది.

ఊళ్లో ఉన్నవాటిలో లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి స్నో వరల్డ్ గంటసేపు సరిపోయేది, 2004 నుంచి ఉంది. లోపల సున్నాకి కింద ఐదు డిగ్రీల దాకా ఉంటుంది. జాకెట్, బూట్లు, చేతి తొడుగులు వాళ్లే ఇస్తారు, మేజోళ్లు మాత్రం మందంగా రెండు జతలు మీవే తీసుకెళ్లండి. మంచు ఉండలు చేస్తూ ఉంటే తొడుగు తడిసి వేళ్లు మొద్దుబారతాయి, అప్పుడు చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చ చేసుకోవాలి. ఫోన్ బ్యాటరీ చలికి గబగబా దిగిపోతుంది. బయటికి రాగానే లెన్సు మీద చెమ్మ పట్టేస్తుంది, ఆ చెమ్మ లోపలికీ పోతుంది. ఫోన్‌ని జిప్ కవర్లో మూసి బయటికి తెచ్చి, పది నిమిషాలు అలాగే ఉంచి తెరవండి. ఉబ్బసం ఉన్న పిల్లలకి ఇది వద్దే వద్దు. వాటర్ పార్కుకి వెళ్లిన రోజు ఎవరికీ వద్దు.

సాయంత్రానికి నాంపల్లి నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, ఉండనే ఉంది, 1938లో మొదలైనది, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. కారు తీయొద్దు. మెట్రోలో గాంధీభవన్ లేదా నాంపల్లి స్టేషన్‌లో దిగి నడవడమే. తప్పిపోతే ఎక్కడ కలవాలో లోపలికి అడుగుపెట్టే ముందే ఒక గేటు పేరు చెప్పుకోండి, చిన్నపిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. టాయ్ ట్రైన్ ఎక్కించి, మిర్చిబజ్జీ తినిపించి తొమ్మిదింటికల్లా బయటపడితే మెట్రోలో కూర్చోడానికి సీటు కూడా దొరకొచ్చు.

ఇక ఆ తడి బట్టల మూట. వాటర్ పార్కు నుంచి వచ్చిన రాత్రే, ఎంత అలసటగా ఉన్నా, కవర్లోంచి తీసి మంచినీళ్లలో రెండుసార్లు జాడించి నీడన ఆరేయండి. క్లోరిన్ అలాగే ఉంటే సాగే బట్టలో ఎలాస్టిక్ పొడిపొడిగా అయిపోతుంది, రెండో సెలవులకి ఆ జత జారిపోతుంది. సబ్బు మర్నాడు పెట్టినా ఫర్వాలేదు.