128 వెనకాల

తిరుపతి కేటీ రోడ్డులో ఒక ల్యాబులో రక్తం తీసే పని నాది. 14 ఏళ్లయింది చేరి. పొద్దున ఆరున్నరకే కడుపుతో ఉన్నోళ్లు షుగరు పరీక్షకు వచ్చి కూర్చుంటారు. 75 గ్రాముల గ్లూకోజు, 300 మిల్లీలీటర్ల నీళ్లు, అడిగితే అర నిమ్మచెక్క. అయిదు పది నిమిషాల్లో తాగేయాలి. అరగంటలోపు కక్కుకుంటే ఆ పూటకు అంతే, ఇంకో రోజు మళ్లీ మొదట్నుంచి. "కొండ మెట్లన్నా ఎక్కుతా గానీ ఈ నీళ్లు నావల్ల గాదు మేడం" అని ఒకామె నా చేతిలో గ్లాసు పెట్టేసి పోయింది కూడా.

2019 ఎండాకాలంలో ఆ గ్లాసు నాకే వచ్చింది. ఆరో నెల. మా తోటికోడలికీ ఆరో నెలే, నాకన్నా పది రోజులు వెనక. ఇద్దరం ఒకే రోజు పరగడుపున వెళ్లాం.

చంద్రగిరిలో మా అత్త అప్పటికే తీర్పు చెప్పేసింది. కడుపు రాకముందే నేను 76 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. మా తోటికోడలు 45 కిలోలు. "పెద్దదానికి షుగరు వస్తాది, చూస్తా ఉండండి. చిన్నది ఊదితే ఎగిరిపోతాది, దానికేముండాది" అనేది. దామలచెరువు మండీ నుంచి బేనీషా పళ్లు గంపతో దిగితే నాకు ఒక పండు, తనకు రెండు. ఇద్దరి తిండి తినల్ల అన్న మాట తనకొక్కదానికే వర్తించేది.

రెండు గంటల తర్వాత నాది 128. తనది 161. మన దేశంలో ప్రభుత్వ పద్ధతి ప్రకారం, పరగడుపున వచ్చినా టిఫిన్ తిని వచ్చినా, రెండు గంటలకు 140 గానీ అంతకుమించి గానీ ఉంటే ప్రెగ్నెన్సీ షుగరే. మా అత్త నమ్మలా. "ట్యూబులు మారిపోయుంటాయి" అని నా మొహం మీదే అనేసింది. స్టిక్కర్లు అంటించింది నేను! అయినా నాకూ గుబులు పుట్టి, రిజిస్టరు మళ్లీ తిరగేశాను. మారలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ల్యాబు సారుని అడిగి, చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ ఎంతుందో చూడ్డానికి ఇద్దరికీ వేరే ట్యూబుల్లో రక్తం తీసి పెట్టాను. పరగడుపున ఒకటి, అరగంటకు ఒకటి, రెండు గంటలకు ఒకటి. ఏ డాక్టరూ రాసింది కాదు, నా కుతూహలం. ఇన్సులిన్ శాంపిల్ తీసేటప్పుడు రక్తకణాలు పగలకుండా చూసుకోవాలి, పగిలితే ఇన్సులిన్ చెడిపోయి అంకె తక్కువ చూపిస్తుంది. నిదానంగా తీశా. పరగడుపున నాది 22, తనది 7. అరగంటకు నాది 130, తనది 20 కూడా దాటలేదు. రెండు గంటలకు నాది 170, తనది 48.

ఆ కాగితం చూస్తే నాకు వెన్ను చల్లబడింది. 128 అన్న నార్మల్ అంకె కోసం నా క్లోమం అంత ఇన్సులిన్ కుమ్మరించింది. మడి తడిసిందా లేదా అన్నదే మామూలు రిపోర్టు చెప్తుంది, మోటారు ఎంతసేపు ఆడిందో చెప్పదు. సారు మాత్రం నవ్వి, "దీన్ని పట్టుకుని ఎవరికీ వైద్యం చెయ్యరమ్మా, లోపల పెట్టుకో" అన్నారు. నిజమే, ఈ అంకెలు ఒక్కో ల్యాబులో ఒక్కో రకంగా ఉంటాయి.

జరిగేదేమంటే, మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తాయి, బిడ్డకు చక్కెర కొరత రాకూడదని. నెలలు నిండేసరికి ఆ మాట సగానికి సగం చెల్లదు. దానికి సరిపడా తల్లి క్లోమం రెండు మూడింతలు ఇన్సులిన్ చేసుకోవాలి. లావుగా ఉన్నదానికి కడుపు రాకముందే కొంత చెల్లుబాటు పోయి ఉంటుంది, అందుకే నా క్లోమం అంత కొట్టుకుంది. మా తోటికోడలికి సన్నటి ఒళ్లే గానీ, తాగిన వెంటనే ఒక్క ఉదుటున రావాల్సిన ఇన్సులిన్ రాలేదు. లావుకు ముప్పు ఎక్కువన్నది అబద్ధం కాదు. మనవాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 23 దాటితేనే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క కట్టారు, నాది 30. కానీ సన్నంగా ఉంటే షుగరు రాదన్నది మా అత్త లెక్క, వైద్యం లెక్క కాదు.

సీమంతంలో చలిమిడి ముద్ద తన నోట్లో పెట్టబోతే నేనే అడ్డం పడ్డాను. ఆ రోజు మా అత్త నాతో మాట్లాడలేదు. ఇక తన తిండి అర ముద్ద సంగటి, ఆకుకూర పప్పు, కొంచెం ఊరిబిండి, తిన్నాక నడక. ఎనిమిదో నెలలో అది చాలక ఇన్సులిన్ ఇంజెక్షన్ రాశారు. "బిడ్డకు సూది మందు పోతాది" అని ఇంకో ఏడుపు. ఇన్సులిన్ మాయ దాటి పోదు, చక్కెర పోతుంది. ఎక్కువైన చక్కెరకు బిడ్డ క్లోమమే ఇన్సులిన్ చేసుకుని ఒళ్లు చేస్తుంది. డెన్మార్క్ డాక్టరు పెడర్సెన్ ఈ మాట 1950లలోనే చెప్పాడు. ఎంత చెప్పినా అత్త కన్నా తోటికోడలే ముందు అర్థం చేసుకుంది, సూది తనే వేసుకునేది.

తన బిడ్డ 2.9 కిలోలు. నార్మల్ రిపోర్టు దాన్ని, నా బిడ్డ 3.8. అప్పుడు ఆశ్చర్యపోయా గానీ, 9 దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణుల్ని చూసి 2008లో ఇచ్చిన లెక్క ప్రకారం, షుగరు నార్మల్ గీత లోపల ఉన్నా, పెరిగే కొద్దీ బిడ్డ బరువూ పెరుగుతూ పోతుంది. దానికి నా బరువు తోడు.

కాన్పయిన ఆరు వారాలకు తనకు మళ్లీ గ్లాసు తాగించాం. నార్మల్. ఇంట్లో అందరూ "పోయింది" అన్నారు. పోయింది షుగరు, ముప్పు కాదు. ప్రెగ్నెన్సీ షుగరు వచ్చినోళ్లకు తర్వాత అసలు షుగరు వచ్చే అవకాశం, రానోళ్లకన్నా ఏడింతలకు పైనే అని 2009లో లెక్క తేల్చారు. కాబట్టి మధ్యమధ్యలో చూపించుకుంటూ ఉండాల్సిందే.

నా సంగతి అడుగుతారేమో. పోయిన ఏడు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష, 6.1. 6.5 అన్న షుగరు గీతకు ఇవతలే గానీ, 5.7 దాటింది కాబట్టి షుగరుకు ముందు మెట్టు. 170 దగ్గర ఆడిన మోటారు ఏమయిందో ఇంకోసారి ట్యూబు పెట్టి చూడాలని నాకు ధైర్యం రాలేదు. నడక మొదలుపెట్టా, కపిలతీర్థం దాకా పోయి రావడం. వానొస్తే లేదు.

తోటికోడలు మాత్రం రెండేళ్లుగా టెస్టుకు రాలేదు. నిన్న ఫోన్ చేస్తే, "మామిడికాయల కాలం అయిపోనీలే అక్కా" అంది.