పంగ వేరు, కొమ్మ వేరు: నా రికార్డు కథ

ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నప్పుడు నా హెర్బేరియం రికార్డు (ఎండబెట్టిన మొక్కల్ని షీట్లకి అతికించి, పక్కన వివరాలు రాసేది) దిద్దించుకోవడానికి ఇస్తే తిరిగొచ్చింది. నలభై షీట్లలో పదకొండు చోట్ల ఒకే మాట కింద ఎర్ర గీత: ‘బ్రాంచ్డ్’. పక్కన ‘ఎలా?’ అని ప్రశ్న. గడువు వారం రోజులు, ఆ పైన వైవా.

మాది విజయనగరం పక్క పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియం. చీలింది ఏదైనా నాకు ‘బ్రాంచ్డే’. మందార పువ్వు మధ్యలోంచి పొడుచుకొచ్చే కీలం చివర అయిదుగా విడిపోయినా, దేవకాంచనం ఆకు రెండు తమ్మెలుగా ఉన్నా అదే రాసేశాను. విశాఖలో, పెదవాల్తేరు రూములో కూర్చుని గ్లాసరీ బట్టీ పట్టడం మొదలుపెట్టాను. ఫర్కేట్, బైఫిడ్, బైలోబ్డ్, డైకాటమస్, డైవారికేట్, డెండ్రిటిక్. రెండో రోజుకి అంతా కలగాపులగం.

‘బైఫర్కేషన్’ ఒక్కటే ముందునుంచీ తెలుసు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ మాట వినని తెలుగువాళ్ళు ఎవరున్నారు? మొక్కలు నొక్కడానికి నేను వాడిన పాత పేపర్లలో కూడా ‘విభజన హామీలు’ ఏదో ఒక మూల ఉండనే ఉండేది. అందులోని ‘ఫర్కా’కి లాటిన్‌లో అర్థం గడ్డి ఎత్తే పంగలకర్ర అట. హోటల్లో నూడుల్స్‌తో ఇచ్చే ఫోర్కు కూడా అందులోంచి వచ్చిందే. అది చదవగానే మా దొడ్లో ముళ్ళకంప ఎత్తే కర్ర గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటినుంచి బట్టీ మానేసి, ఒక్కో మాట పక్కన మా ఇంట్లో ఏమంటామో రాసుకుంటూ పోయాను.

బైఫిడ్ అంటే చివర రెండుగా చీలినది. దీన్ని చూడాలంటే గడ్డిచామంతి చాలు, రోడ్డు పక్కన ఎక్కడైనా ఉంటుంది. నడిమధ్య పసుపు బొట్టులోంచి ఒక చిన్న పువ్వుని సూదితో లాగి లెన్సు కింద పెడితే, కీలాగ్రం, అంటే కీలం కొన, రెండు పాయలై రొయ్య మీసాల్లా వెనక్కి చుట్టుకుని కనబడుతుంది. దేవకాంచనం ఆకుది అంత సన్నటి చీలిక కాదు, రెండు వెడల్పు తమ్మెలు. కాబట్టి అది బైలోబ్డ్. ఆ చెట్టుకి బౌహీనియా అని పేరు పెట్టింది బౌహిన్ అన్నదమ్ములిద్దరి మీద. ఒకే ఆకులో ఇద్దరన్నమాట. ఇక ఆ షీటు మర్చిపోవడం నా వల్ల కాలేదు. డైవారికేట్ అంటే కొమ్మలు బాగా ఎడంగా, కాళ్ళు బార్లా చాపినట్టు ఉండడం. డెండ్రిటిక్ అంటే చెట్టులాగా అల్లుకుపోయేది, గ్రీకులో డెండ్రాన్ అంటే చెట్టే.

చిక్కంతా డైకాటమస్ దగ్గరే. గ్రీకులో రెండుగా కోయడం అని దాని మూలం. మరి కొమ్మ వేసిన చెట్టల్లా రెండైనట్టేగా? ఆదివారం ఇంటికెళ్తుంటే రైలు కొత్తవలసలో ఆగింది. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే లైను అక్కడే విడిపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను అది. కిటికీలోంచి చూస్తే, మెయిన్ లైను తన దారిన తను పోతూనే ఉంది, కిరండూల్ లైను దాని పక్కనించి తప్పుకుంది. అంటే అది కొమ్మ. పంగ అయితే అసలు లైనే ఉండకూడదు, ఉన్నదే రెండుగా చీలిపోవాలి.

ఇంటికెళ్ళి అమ్మకి ఇదంతా గొప్పగా చెప్పాను.

“పంగ వేరు, కొమ్మ వేరు కాదేటే? మునగచెట్టు పంగలో కాలెట్టొద్దని చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పాను!” అంది.

వైవాలో ఎగ్జామినర్ గారు దేవగన్నేరు రెమ్మ చేతికిచ్చారు. చూడ్డానికి చక్కటి పంగ.

“డైకాటమస్సేనా?”

“కాదు సార్. డిచోటమస్‌లా కనబడుతుందంతే,” అన్నాను. టెన్షన్‌లో స్పెల్లింగు ఎలా ఉంటే అలాగే పలికేశాను. ఆయన నవ్వాపుకుని, ఎందుకు కాదన్నారు. కొమ్మ చివర పూలగుత్తి వేసి అక్కడితో ఆగిపోతుందని, దాని కింది మొగ్గలు రెండో మూడో లేచి పంగలా తయారవుతాయని చెప్పాను. నిజమైన డైకాటమీ కావాలంటే ఎదిగే కొనే రెండుగా చీలాలి, సైలోటం అనే మొక్కలో లాగ. తర్వాత ప్రశ్న వేరే షీటు మీద, వేర్ల గురించి. దానికి సగమే చెప్పగలిగాను.

రికార్డు మీద సంతకం పడింది. పదకొండు చోట్లా కొత్త మాటలు రాశాను గానీ ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి. షీట్లు మళ్ళీ అతికించే ఓపిక నాకు లేకపోయింది.