రీస్టార్ట్ కొట్టే ముందు ఒక్క రిపోర్ట్ తీయండి

సర్వర్ హ్యాంగ్ అయిందనగానే ఎవరి చెయ్యైనా ముందు రీస్టార్ట్ మీదికే వెళ్తుంది. సర్వీసు మళ్లీ లేస్తుంది, టెన్షన్ తగ్గుతుంది, కానీ ఏ థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) ఎక్కడ ఆగిపోయింది, ఏ లాక్ (ఒకేసారి ఒక్క థ్రెడ్డే వాడాల్సిన దానికి వేసే తాళం) ఎవరు పట్టుకుని కూర్చున్నారు అన్న సమాచారమంతా ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) మెమరీలోనే ఉండేది, దాంతోపాటే పోతుంది. లాగుల్లో వెతికినా దొరకదు, ఆగిపోయిన కోడు లాగు రాయదు కదా. అందుకే ప్రాసెస్ బతికుండగానే దాని స్థితిని ఫైల్లోకి తీసుకోవాలని నేను గట్టిగా చెప్తాను.

జావా వాళ్లకి ఇది చాలా తేలిక. కిల్ -3 (ప్రాసెస్‌కి ఒక సిగ్నల్, అంటే సంకేతం, పంపే కమాండ్) కొడితే ప్రాసెస్ చావదు, థ్రెడ్ డంప్‌ని, అంటే ప్రతి థ్రెడ్ ఎక్కడుందో చెప్పే జాబితాని, తన స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి రాసి తన పని తను చేసుకుంటుంది. జేస్టాక్ అనే జావా టూల్‌తో అయితే అదే డంప్ నేరుగా మీ టెర్మినల్లోకి వస్తుంది. డెడ్‌లాక్ (థ్రెడ్లు ఒకదాని లాక్ కోసం ఒకటి ఎదురుచూస్తూ ఇరుక్కోవడం) ఉంటే జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) తనే కనిపెట్టి చివర్లో రాసి పెడుతుంది. అయితే ఒక్క డంప్ చూసి తీర్పు చెప్పకండి, ఆ క్షణంలో ఒక థ్రెడ్ డేటాబేస్ జవాబు కోసం ఆగి ఉండటం మామూలే. కొన్ని సెకన్ల తేడాతో మూడు తీసి పక్కపక్కన పెట్టండి, మూడింట్లోనూ అదే థ్రెడ్ అదే లైను దగ్గర కనిపిస్తే ముందు అక్కడ వెతకండి. హీప్ డంప్ (ప్రోగ్రామ్ డేటా ఉండే హీప్ అనే మెమరీని ఫైల్లోకి తీయడం) సంగతి వేరు, అది రాసేంతసేపూ అప్లికేషన్ ఆగిపోతుంది, ఫైలు కూడా హీప్ ఎంత ఉంటే దాదాపు అంత అవుతుంది, డిస్కులో చోటుందో లేదో చూసుకోకుండా మొదలుపెట్టొద్దు.

ఇదే అలవాటుతో గో భాషలో రాసిన ప్రాసెస్ మీద కిల్ -3 కొట్టారో, గోరూటీన్ల (గోలో థ్రెడ్ల లాంటివి) స్టాకులన్నీ (ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చి ఎక్కడున్నాయో చెప్పే జాబితాలు) చూపించి ప్రాసెస్ ఆగిపోతుంది! గోలో ప్రాసెస్ ఆగకుండా ఆ స్టాకులు చూడాలంటే ముందే పీప్రాఫ్ ఎండ్‌పాయింట్ (వాటిని చూపించే వెబ్ అడ్రస్) పెట్టుకోవాలి, బయటివాళ్లకి అందకుండా.

నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) డయాగ్నస్టిక్ రిపోర్ట్ ఉంది, జేసన్ ఫైలుగా వస్తుంది: జావాస్క్రిప్ట్ స్టాక్, నేటివ్ స్టాక్ (లోపలి సీ++ కోడుది), హీప్ లెక్కలు, తెరిచి ఉన్న సాకెట్లు, టైమర్లు అన్నీ అందులో ఉంటాయి. సిగ్నల్‌తో తీసే ఆప్షన్ ఆన్ చేసుకోవచ్చు, కానీ ఆ సిగ్నల్ హ్యాండ్లర్ ఈవెంట్ లూప్ (పనుల్ని ఒకదాని తర్వాత ఒకటి నడిపే చక్రం) మీదే నడుస్తుంది కాబట్టి లూపే ఇరుక్కుపోతే రిపోర్ట్ రాదు, సరిగ్గా మనకి అవసరమైనప్పుడే. పైథాన్‌లో 3.3 నుంచి ఉన్న ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్‌ని సిగ్నల్‌కి రిజిస్టర్ చేస్తే అది సీ స్థాయిలోనే, అంటే పైథాన్ కోడు నడవాల్సిన పనిలేకుండానే, రాసేస్తుంది, ఇంటర్‌ప్రెటర్ (పైథాన్ కోడుని నడిపేది) ఎక్కడో ఇరుక్కున్నా స్టాక్ వస్తుంది. నాకు నచ్చిన ఏర్పాటు అదే.

గో, నోడ్, పైథాన్‌లలో ఈ ఏర్పాట్లన్నీ ప్రాసెస్ మొదలైనప్పుడే పెట్టి ఉంచాలి, అర్ధరాత్రి సర్వర్ పడిపోయాక ఆప్షన్లు వెతుక్కునే టైముండదు. కంటైనర్లో (ప్రోగ్రామ్‌ని విడిగా ఉంచి నడిపే పెట్టె లాంటిది) అయితే రిపోర్ట్ ఫోల్డర్‌ని బయటి వాల్యూమ్ (కంటైనర్ పోయినా మిగిలే డిస్కు చోటు) మీదికి మార్చండి, లేకపోతే కంటైనర్ తీసేసినప్పుడు ఫైలు కూడా పోతుంది. ఇంకోటి, దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు: నోడ్ రిపోర్ట్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రాసెస్‌కి బయట నుంచి ఇచ్చే సెట్టింగులు, పాస్‌వర్డులు కూడా వాటిల్లో ఉండొచ్చు) మొత్తం వచ్చేస్తాయి, హీప్ డంప్‌లో యూజర్ల డేటా ఉంటుంది. పాస్‌వర్డులు, టోకెన్లు తీసేశాకే నోడ్ రిపోర్ట్‌ని టికెట్‌కి జతచేయండి, హీప్ డంప్‌ని మాత్రం అసలు జతచేయకండి.