అంబాసిడర్ ట్యూబుల్లో పంక్చర్ లిక్విడ్: నా అనుభవం

మా ఇంట్లో 1968 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. నాన్నగారు వాడిన బండి. ఇప్పుడు నెలకు రెండు మూడు సార్లు మాత్రమే షెడ్డులోంచి బయటికి వస్తుంది. 5.90-15 కొలత టైర్లు, వాటిలో ట్యూబులు. గత వేసవిలో రెండు చక్రాలు ఒకేసారి మొండికేశాయి. వెనక ఎడమ చక్రం మూడు రోజులకు, ముందు కుడి చక్రం వారం రోజులకు గాలి పోయి చతికిలపడేవి. స్టెప్నీ ఒక్కటే ఉంది కనుక, ట్యూబుల్లో పంక్చర్ లిక్విడ్ (రంధ్రాలను లోపలి నుంచి మూసే, పీచు కలిసిన ద్రవం) పోసి చూద్దామనుకున్నాను.

ముందుగా సబ్బు నీళ్లతో వాల్వులను పరీక్షించాను. వాల్వు పిన్ను దగ్గర గానీ, వాల్వు ట్యూబుకు అతికిన మొదట్లో గానీ గాలి పోతూ ఉంటే ఈ ద్రవం వల్ల ప్రయోజనం ఉండదు. పిన్ను అయితే మార్చుకోవాలి, మొదలు చీలితే ట్యూబే మార్చుకోవాలి. నా రెండు చక్రాలకూ ఆ లోపం కనిపించలేదు.

వెనక చక్రాన్ని జాకీ మీద ఎత్తి, వాల్వు పక్కకు వచ్చేటట్లు తిప్పి ఉంచాను. వాల్వు కిందికి ఉంటే పోసినది పోసినట్టే బయటికి కారుతుంది. పిన్ను విప్పి, గాలి పూర్తిగా పోయాక, సీసా మీద రాసిన లెక్క ప్రకారం సుమారు 400 మిల్లీలీటర్లు పిండాను. ఎండకు కాగిన ద్రవం పల్చగానే దిగింది గానీ, అందులోని పీచు వాల్వు గొంతులో రెండుసార్లు అడ్డుపడితే సన్నని తీగతో తోయవలసి వచ్చింది. పిన్నును గుడ్డతో శుభ్రంగా తుడిచి బిగించి, 26 పౌండ్ల గాలి కొట్టి, వెంటనే ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపాను. ఈ నడపడం తప్పనిసరి. చక్రం తిరిగితేనే ద్రవం ట్యూబు లోపల అంతటా పూసుకుంటుంది, బయటికి తోసుకువచ్చే గాలి ఆ పీచును రంధ్రంలోకి లాక్కుపోయి అక్కడ ముడి వేస్తుంది. పది రోజుల తరువాత చూస్తే ఒక్క పౌండు మాత్రమే తగ్గింది. టైరును చేతితో తడిమితే విరిగిన సర్కారు తుమ్మ ముల్లు మొన తగిలింది. దారిలో గుచ్చుకున్న ఇటువంటి సన్నని రంధ్రానికి ఈ మందు బాగా పనిచేస్తుందని ఒప్పుకోవలసిందే.

అదే ధైర్యంతో ముందు చక్రంలోనూ పోశాను. వారం తిరిగేసరికి టైరు మళ్లీ చతికిలపడింది. ఇంకొంచెం పోశాను, ఫలితం మారలేదు. పైగా, రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయాన తీస్తే అడుగున చేరిన ద్రవం సర్దుకునే దాకా స్టీరింగ్ వణికేది. గాలి కొలిచే మీటరు మూతిలోకి కూడా ఆకుపచ్చని జిగురు ఎక్కింది. అప్పటినుంచి వాల్వును పైకి తిప్పి, కొంచెం సేపు ఆగిన తరువాతే కొలుస్తున్నాను.

చివరికి ఆ చక్రాన్ని పంక్చర్ షాపుకు తీసుకువెళ్లాను. లోపల ద్రవం ఉందని ముందుగా చెప్పకపోవడం నా తప్పు. టైరు విప్పగానే అది షాపు ఆయన చేతులకూ చొక్కాకూ అంటింది. "సార్, ఇది పోశారని ముందే చెప్పాలి కదా! దీని మీద ప్యాచ్ ఎలా అంటుకుంటుంది?" అని ఆయన కోప్పడితే నా దగ్గర జవాబు లేదు. ట్యూబును కడిగి, ఆరబెట్టి, గాలి నింపి నీళ్ల తొట్టిలో ముంచితే బుడగలు టైరు వైపు నుంచి కాక, రిమ్ము వైపు నుంచి మూడు చోట్ల వచ్చాయి. రిమ్ము లోపల తుప్పు పెచ్చులు కట్టి ట్యూబును గీరుతూ ఉంది. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ద్రవం రోడ్డు వైపుకే చిమ్ముకుపోతుంది కాబట్టి రిమ్ము వైపు రంధ్రాలకు సరిగా అందదు. ఒకవేళ అంది మూసినా, గీరే తుప్పు అక్కడే ఉన్నంత కాలం పక్కనే ఇంకొకటి పడుతుంది. ఇంత చిన్న విషయం గ్రహించడానికి నాకు సీసాన్నర ద్రవం ఖర్చయింది!

రిమ్మును ఇనుప బ్రష్షుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, తుప్పును ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూసి రెండు రోజులు ఆరనిచ్చాను. పాత ట్యూబు నుంచి కోసిన పట్టీని రిమ్ము చుట్టూ పరిచి, కొత్త ట్యూబుకు ఫ్రెంచ్ చాక్ (మెత్తని టాల్క్) పొడి చల్లి బిగించాము. ఈ ట్యూబులో ద్రవం పోయలేదు. నెల దాటినా గాలి 25 పౌండ్ల కంటె తగ్గలేదు.

వెనక చక్రంలో పోసినది అలాగే ఉంది. అది ఏనాటికైనా ఎండిపోయేదే కనుక, పోసిన తేదీని ఆ రిమ్ము లోపలి వైపు పెయింటుతో రాశాను. దాని కింద, పంక్చర్ షాపు ఆయన కోసం, "లోపల లిక్విడ్ ఉంది" అని పెద్ద అక్షరాలతో రాశాను.